కావలిలోని ఇంటికి కావలి

మా నాయన పోయిన ఏడాదికి, ఒంగోలులో ఉండే అక్క అమ్మను తన దగ్గరికి తీసుకువెళ్ళడంతో, కావలిలోని మా ఇంటికి తొలిసారిగా నెలల తరబడి తాళం పడింది. ఆ ఇల్లు అమ్మడానికి మాకెవరికీ మనసొప్పలేదు, అద్దెకివ్వడానికి అమ్మ ఒప్పుకోలేదు. డాలస్‌లో ఉద్యోగం చేసుకుంటున్న నా మీద ఆ ఇంటికి నమ్మకమైన అలారం ఏర్పాటు చేసే బాధ్యత పడింది. 2023 మొదట్లో పెట్టించిన ఆ ఏర్పాటును ఇప్పటికీ సరిదిద్దుకుంటూనే ఉన్నాను. నాలాగే పరాయి దేశంలో ఉంటూ ఊళ్ళో ఇంటికి తాళం వేసుకున్నవారికి పనికొస్తుందనే ఉద్దేశంతో, నాకు అనుభవంలో తెలిసినంతవరకు రాస్తున్నాను.

నేను చేసిన మొదటి పొరపాటు పరికరాల నుంచి మొదలుపెట్టడం. ఎన్ని సెన్సార్లు, ఎన్ని కెమెరాలు, ఏ యాప్ అని రెండు వారాలు వెతికాను గానీ, అర్ధరాత్రి అలారం మోగితే పది నిమిషాల్లో మా గేటు దగ్గరికి ఎవరు వెళ్తారన్నది ఆలోచించలేదు. అన్నిటికన్నా ముందు తేల్చుకోవలసింది అదే. మా విషయంలో ఆ మనిషి ఎదురింటి అన్న. ఇక్కడినుంచి 112 నొక్కితే మన రాష్ట్ర పోలీసులకు వెళ్ళదు కాబట్టి, అలారం సందేశం నాకూ అన్నకూ ఒకేసారి వెళ్ళేలా పెట్టించి, అక్కడినుంచి 112కు ఫోను చేసే పని ఆయనకు అప్పగించి, మా పరిధిలోని పోలీస్ స్టేషన్ నంబరును దేశం కోడుతో సహా నా ఫోనులో దాచుకున్నాను. కావలిలో రాత్రి రెండు గంటలంటే చలికాలంలో డాలస్‌లో మధ్యాహ్నం రెండున్నర. దొంగలు తిరిగే వేళ నేను మెలకువగానే ఉంటాను గానీ, అక్కడ పట్టపగలు ఎవరైనా తలుపు పగలగొడితే నేను నిద్రలో ఉంటాను. అందుకే సందేశం నా ఒక్కడికే వచ్చే ఏర్పాటును నేను ఒప్పుకోను.

ఆ అన్నకు నమ్మకం పోతే ఏ ఏర్పాటైనా వృథా అని ఆ మే నెలలోనే తెలిసింది. రోహిణి కార్తె ఎండలు కాస్తున్న రోజుల్లో ఒకే వారంలో నాలుగు రాత్రులు హాల్లో సెన్సారు మోగింది. మూడు రాత్రులు ఆయన కర్ర, టార్చి పట్టుకుని వెళ్ళివచ్చారు. నాలుగో రాత్రి ఫోను ఎత్తలేదు. మరునాడు పొద్దున నేను వీడియో కాల్‌లో చూస్తుండగా, ఆయన స్టూలెక్కి ఆ తెల్లటి డబ్బా మూత తీస్తే, సర్క్యూటు మీద సెనగగింజంత తెల్లటి గుడ్లు రెండు, పక్కన ఎండిపోయిన పురుగుల రెక్కలు కనిపించాయి. "దొంగ కాదు నాయనా, బల్లి. లోపల గుడ్లు గూడా పెట్టుండాది" అన్నారు. గొంతులో కోపం లేదు గానీ, మూడు రాత్రుల నిద్రలేమి స్పష్టంగా వినిపించింది.

ఈ కదలిక సెన్సారు మనిషి ఒంటి వేడినుంచి వెలువడే పరారుణ కిరణాలలో మార్పును పసిగడుతుంది. బల్లి చిన్నదే అయినా సరిగ్గా కటకం మీదే పాకితే, ఆ సెన్సారుకు అది మనిషంత పెద్ద మార్పుగానే తోస్తుంది. మన జిల్లాలకు ఇంకో చిక్కు కూడా ఉంది. వేసవిలో తలుపులన్నీ మూసిన గది వేడి ఒంటి వేడికి దగ్గరగా వచ్చినప్పుడు, గోడకూ మనిషికీ తేడా తగ్గిపోయి, చవకరకం సెన్సారు నిజమైన మనిషిని కూడా గుర్తించలేకపోవచ్చు. అందుచేత ఉష్ణోగ్రతను బట్టి సర్దుకునే గుణమూ, పరారుణంతో పాటు మైక్రోవేవ్ తరంగాలతో కదలికను పసిగట్టే ఏర్పాటు కూడా ఉండి రెండూ ఒప్పుకుంటేనే మోగే పద్ధతీ ఉన్న సెన్సార్లు తెప్పించాను. తీగ లోపలికి వెళ్ళే రంధ్రాన్ని సిలికాన్‌తో మూయించాను. ధర ఎక్కువే అయినా, ఆ తర్వాత అన్నను ఒక్క రాత్రి కూడా ఉత్తపుణ్యానికి నిద్ర లేపలేదు.

తలుపులకు పెట్టే అయస్కాంతం సెన్సార్ల విషయంలో ఒక్కమాట చాలు. వానాకాలంలో చెక్క ఉబ్బి తలుపుకూ ద్వారబంధానికీ మధ్య సందు మారుతుంది కాబట్టి, ఎక్కువ ఎడాన్ని తట్టుకునే రకమే అడిగి తీసుకోవాలి.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది తప్పుగా మోగడం కాదు, అసలు మోగకపోవడం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందే నెల్లూరు జిల్లాలో వానలు దంచికొట్టాయి. ఆ నాలుగు రోజులూ నా ఫోనులో ఒక్క సందేశమూ రాకపోవడంతో ఇల్లు క్షేమంగానే ఉందనుకుని నిశ్చింతగా ఉన్నాను. అన్న ఫోను చేసి మా వీధికి రెండు రోజులు కరెంటు లేదని చెప్పాకే, ప్యానెలు, అంటే సెన్సార్లన్నీ కలిసే అలారం పెట్టె, దాని బ్యాటరీ అయిపోయి ఆ ఇల్లు పూర్తిగా మూగబోయిందని అర్థమైంది. మౌనాన్ని నేను క్షేమ సమాచారంగా చదువుకున్నాను. అప్పటినుంచి ఏ ప్యానెలు గురించి ఎవరు అడిగినా, కరెంటు పోయినా, నెట్టు తెగినా, బ్యాటరీ తగ్గినా అది తనంతట తానే చెబుతుందా, తాను పనిచేస్తున్నట్టు రోజుకొకసారైనా సందేశం పంపుతుందా అన్నదే మొదట కనుక్కోమంటున్నాను. ఆ సందేశం రాని రోజునే ప్రమాదంగా లెక్కపెట్టాలి.

బ్యాటరీ లెక్క కూడా కొనేముందే వేసుకోవాలి. ప్యానెళ్ళలో సాధారణంగా ఉండేది 12 వోల్టులు, 7 ఆంపియర్ అవర్ల సీల్డ్ బ్యాటరీ. ప్యానెలు, సెన్సార్లు కలిసి 300 మిల్లీ ఆంపియర్లు లాగితే కాగితం మీద 23 గంటలు రావాలి, వాస్తవంలో అంతకన్నా తక్కువే వస్తుంది. పైగా ఇలాంటి బ్యాటరీకి 25 డిగ్రీల పైన ప్రతి పది డిగ్రీలకూ ఆయుష్షు దాదాపు సగమవుతుంది కాబట్టి, మూసిన ఇంట్లో నాలుగైదేళ్ళు వస్తుందన్న మాటను నమ్మకుండా రెండేళ్ళకోసారి మార్పిస్తున్నాను. ఇంటి ఇన్వర్టరు మీద ఆధారపడదామనుకున్నాను గానీ, దాని బ్యాటరీకి డిస్టిల్డ్ వాటర్ పోసేవారెవరూ లేరు. రూటరుకు మాత్రం వేరుగా చిన్న యూపీఎస్ పెట్టించాను.

బ్రాడ్‌బ్యాండు ఒక్కటే చాలదు, ప్యానెలులో సిమ్ కూడా ఉండాలి. ఇక్కడ చాలామంది దెబ్బతినే విషయం ఒకటుంది. తక్కువ ధర ప్యానెళ్ళలో చాలావాటికి 2జీ మోడెమ్ మాత్రమే ఉంటుంది, జియోకు 2జీ నెట్‌వర్కు లేదు కాబట్టి ఆ సిమ్ అందులో పనిచేయదు. 4జీ ప్యానెలు తీసుకోవడం మేలు. రీఛార్జి గడువు దాటితే సిమ్ మూగబోతుంది, విదేశీ కార్డుతో రీఛార్జి ఒక్కోసారి కాదు. అందుకే 365 రోజుల ప్లాను వేయించి, ఆ తేదీని అక్క క్యాలెండరులో కూడా రాయించాను.

మొదట నేను ఎంచుకున్న పేరున్న సంస్థ మరమ్మతుకు మనిషిని పంపడానికి తొమ్మిది రోజులు తీసుకుంది. ఇప్పుడు నెల్లూరులో విడిభాగాలు దగ్గర ఉంచుకుని, ఫోను చేస్తే మరునాటికి వచ్చే చిన్న దుకాణం వారితో పనిచేయిస్తున్నాను. బయటివైపు మాత్రమే రెండు కెమెరాలు పెట్టించి, కంపెనీ పెట్టిన పాస్‌వర్డులను మొదటిరోజే మార్చేశాను. 2016లో మిరాయ్ అనే వైరస్ లక్షల పరికరాలను లొంగదీసుకున్నది, అలా మార్చకుండా వదిలేసిన పాస్‌వర్డులతోనే.

కొద్దిరోజులు ఊరు వెళ్ళేవారికి ఆంధ్రప్రదేశ్ పోలీసుల ఎల్‌హెచ్‌ఎంఎస్ (లాక్డ్ హౌస్ మానిటరింగ్ సిస్టమ్, అంటే తాళం వేసిన ఇళ్ళపై నిఘా) ఉంది. యాప్‌లో నమోదు చేసుకుని చెబితే, వారే ఇంట్లో కెమెరా ఉచితంగా పెట్టి స్టేషన్ నుంచి గమనిస్తారు. అమ్మ ఇంట్లో ఉండే రోజుల్లో తిరుపతి వెళ్ళినప్పుడల్లా అదే సరిపోయేది. నెలల తరబడి మూసిన ఇంటికి మాత్రం సొంత ఏర్పాటు తప్పదు. అలారం ఎంత మంచిదైనా అమ్మ నగలు, ఇంటి దస్తావేజులు బ్యాంకు లాకరులోనే ఉన్నాయి.

ప్రతి నెలా మొదటి ఆదివారం పొద్దున అన్న మా ఇంటి తాళం తీసి, అలారం ఆపకుండానే హాల్లోకి నడుస్తారు. ఇక్కడ శనివారం రాత్రి నేను ఫోను చేతిలో పట్టుకుని సెకన్లు లెక్కపెడతాను. పోయిన నెల ఆరు సెకన్లకు మోగింది, ఈ నెల పంతొమ్మిది పట్టింది. రూటరు మార్చమని దుకాణం వారికి చెప్పాను, బుధవారం వస్తామన్నారు.