డ్రమ్ము మూత మీద నిలిచిన నీళ్ళు

రొయ్యల చెరువు వేసినవాడికి రాత్రి రెండింటికి ఫోన్ మోగిందంటే ఎత్తకముందే సగం సంగతి అర్థమైపోతుంది. మా కాపలా కుర్రాడు. "కరెంటు పోయిందండి. జనరేటర్ పట్టుకుంటంది గానీ రెండు నిమిషాలకి ఆగిపోతందండి." బండి తీసి గట్టు మీదకి వెళ్ళేసరికి నాలుగోసారి ఆగిపోయింది. సాయంత్రం ఈదురుగాలికి ఎక్కడో లైను తెగింది, తెల్లారేదాకా ఆశ పెట్టుకోవద్దని లైన్‌మన్ ముందే చెప్పేశాడు.

చెరువులో ఉన్నది అరవై రోజుల వనామీ రొయ్య. పగలైతే ఎండకి నీళ్ళలో నాచు ఆక్సిజన్ ఇస్తుంది కాబట్టి నీళ్ళు చిలికి గాలి కలిపే ఫ్యాన్లు కాసేపు ఆగినా నెట్టుకురావచ్చు. రాత్రి అలా కాదు, అదే నాచు, రొయ్య, అడుగున బురద అన్నీ కలిసి ఉన్న ఆక్సిజన్ తాగేస్తాయి, తెల్లవారుజాముకి మరీ అడుగంటిపోతుంది. టార్చి వేసి చూస్తే ఓ మూల అప్పటికే రొయ్యల కళ్ళు నీటి మీద ఎర్రగా మెరుస్తున్నాయి. షెడ్డులో ఉన్న ఆక్సిజన్ బిళ్ళలన్నీ చల్లించి ఇంజన్ మేస్త్రికి ఫోన్ కొట్టాను. ముమ్మిడివరంలో ఉంటారాయన.

"డీజిల్ ఎక్కడిదండి?" అన్నారు నిద్రమత్తులోనే.

"డ్రమ్ములోదండి."

"డ్రమ్ములోకి ఎప్పుడొచ్చిందండి?"

అక్కడ నసిగాను. అది కిందటేడాది పంట చివర్లో, ఆగస్టులో తెచ్చింది. ఎదుర్లంక వంతెన దాటితే యానాం, అక్కడ పన్ను తక్కువ కాబట్టి లీటరుకి పది రూపాయల పైనే తేడా వస్తుంది, ఆ సంగతి మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. 200 లీటర్ల డ్రమ్ము నింపించుకొచ్చి రెండు వేలు మిగిల్చానని ఇంట్లో గొప్పలు కూడా చెప్పుకున్నాను. పంట అయిపోయింది, ఎనభై లీటర్ల దాకా మిగిలింది, డ్రమ్ము షెడ్డు చూరు కింద నిలబెట్టి వదిలేశాను. ఇప్పుడు ఏప్రిల్.

మేస్త్రి ఫోన్లోనే చెప్పిన ఉపాయం చెరువులున్న ప్రతివాడూ తెలుసుకోవాల్సింది. ట్యాంకు జోలికి వెళ్ళొద్దు, పక్క చెరువు వాళ్ళని అడిగి పది లీటర్ల మంచి డీజిల్ డబ్బాలో తెచ్చుకుని ఇంజన్ కంటే ఎత్తులో పెట్టండి, ట్యాంకు నుంచి వచ్చే పైపు ఊడదీసి డబ్బాలో పెట్టండి, ఫిల్టర్ కొత్తది వేయండి అన్నారు. "రిటర్న్ పైపు కూడా అదే డబ్బాలో పెట్టండి, లేకపోతే మీ మంచి డీజిల్ కాస్తా పాడు ట్యాంకులోకి పోతాది" అన్నారు. ఇంజన్ వాడగా మిగిలిన డీజిల్ వెనక్కి వచ్చే పైపు అది, నాకు తట్టేది కాదు. తర్వాత పైపుల్లో చేరిన ఎయిర్ తీయడం. ఫిల్టర్ మీద బోల్టు వదులు చేసి, కుర్రాడు చేతి పంపు కొడుతుంటే నేను టార్చి పట్టుకుని చూస్తూ కూర్చున్నాను. నురగ, నురగ, మళ్ళీ నురగ, తర్వాత బుస్సుమని ఓ బుడగ, అప్పుడు సన్నటి నికార్సైన ధార. బోల్టు బిగించి తాళం తిప్పితే ఒకటి రెండుసార్లు దగ్గి అందుకుంది. ఫ్యాన్లు తిరిగేసరికి మూడుంపావు. పక్క చెరువు బాబాయి గారు డీజిల్ ఇచ్చినదే గాక తెల్లారేదాకా గట్టు మీద కూర్చున్నారు. కొంత రొయ్య పోయింది గానీ పంట నిలబడింది.

పొద్దున మేస్త్రి వచ్చి పాత ఫిల్టర్ బోర్లిస్తే నల్లగా, జిగటగా, నానబెట్టిన ఇంగువ ముద్దలాంటిది జారిపడింది, పుల్లటి కంపు. డ్రమ్ము అడుగు నుంచి పైపుతో లాగి ఖాళీ వాటర్ బాటిల్ నింపి కిటికీలో పెట్టారు. గంటకల్లా కింద రెండు వేళ్ళ మందాన నీళ్ళు తేరాయి, పైన డీజిల్, రెండింటికీ మధ్య చెరువు పాచిలాంటి గోధుమరంగు పొర. ఆ పొర ప్రాణమున్నదేనట. నీటిలో బతుకుతూ డీజిల్‌ని తింటూ పెరిగే బాక్టీరియా, బూజు. కొత్త ఫిల్టర్ వేసిన రెండు రోజులకే మూసుకుపోతోందంటే దానికి కారణం అదే.

నేను మాత్రం యానాం బంకు వాళ్ళ మీద కోపంతో ఊగిపోతున్నాను. నీళ్ళు కలిపి అమ్మారు, ఇంకేముంది! అదే మధ్యాహ్నం వెళ్ళి అడిగాను. అక్కడ మేనేజరు గొడవపడలేదు, కొలకడ్డీ చివర నీళ్ళు పట్టే పేస్టు రాసి నా కళ్ళ ముందే భూమిలోని ట్యాంకులో ముంచి తీశాడు. రంగు మారలేదు. "డ్రమ్ము నిలబెట్టారాండి?" అని మాత్రం అడిగాడు. ఎనిమిది నెలల కిందటి సరుకుకి ఈ రోజు పరీక్ష రుజువవుతుందా అని వాదించొచ్చు, కానీ నిలబెట్టిన డ్రమ్ము గుర్తొచ్చి నోరు పెగల్లేదు.

నిలబెట్టిన డ్రమ్ము పై అంచు పళ్ళెంలా ఉంటుంది కదా, చూరు నుంచి కారిన వాన అందులో నిలుస్తుంది. పగలు ఎండకి డ్రమ్ము వేడెక్కి లోపలి గాలి బయటికి పోతుంది, చల్లబడగానే మూత మరచుట్ల సందుల్లోంచి లోపలికి పీలుస్తుంది. మూత చుట్టూ నీళ్ళుంటే గాలికి బదులు ఆ నీళ్ళే పీలుస్తుంది. ఎంత బిగించినా ఇంతే. అక్టోబరు, నవంబరు వానలు మొత్తం నా డ్రమ్ము అలా తాగింది. పైగా సగం ఖాళీ, లోపలి గాలిలోని తేమ గోడలకి చెమటలా పట్టి కిందికి జారుతుంది, మన కోనసీమ గాలిలో తేమకేం తక్కువ.

మేస్త్రి వాదన వేరే ఉంది. 2020 ఏప్రిల్లో బీఎస్ 6 అనే కాలుష్య నిబంధన వచ్చి గంధకం 50 పీపీఎం (పది లక్షల్లో 50 పాళ్ళు) నుంచి 10కి దించాక డీజిల్‌లో పస పోయిందంటారు. కావచ్చు. వాన నీళ్ళు తాగించిన నాకు గంధకం మీద నెపం పెట్టడానికి మొహం చెల్లలేదు. ఆయనకి మంచి సీజన్ ఎప్పుడో తెలుసా? జూన్ 14తో సముద్రంలో చేపల వేట నిషేధం ముగిశాక వారం రోజులు. ఏప్రిల్ 15 నుంచి అరవై ఒక్క రోజులు కట్టేసిన బోట్లు, ట్యాంకుల్లో అదే పాత డీజిల్.

అసలు తప్పు అంతకుముందు పదిహేను రోజులది. స్టార్ట్ చేయగానే తెల్ల పొగ వచ్చేది, చలవకి అనుకున్నాను, ఏప్రిల్లో చలవేంటో! లోడు మీద ఇంజన్ శబ్దం పెరుగుతూ తగ్గుతూ ఊగేది, ఫ్యాన్ల మోటార్లు మూలిగేవి. ఫిల్టర్ మార్చాను, తగ్గింది, రోగం కుదిరిందనుకున్నాను. ట్యాంకు అడుగు బోల్టు విప్పి ఓ గ్లాసుడు వదిలి చూసి ఉంటే ఆ రోజే బయటపడేది. కొన్నప్పటి నుంచి ఆ బోల్టు విప్పిందే లేదు, రంగు కూడా పోలేదు.

ట్యాంకు దించి కడిగించాం. ఇంజన్లోకి డీజిల్ చిమ్మే నాజిల్స్ పోయాయి, వాటికి డీజిల్ తోసే పంపుని కొలతలు సరిచేసే కాలిబ్రేషన్‌కి అమలాపురం పంపాం. ఆ పంపులో కదిలే భాగాల మధ్య సందు రెండు మూడు మైక్రాన్లేనట, వాటికి నూనె వేరే ఉండదు, డీజిలే నూనె, నీళ్ళొస్తే ఇనుమూ ఇనుమూ రాసుకోవడమే. మొత్తం పదకొండు వేలు. రెండు వేలు మిగిల్చిన సంగతి ఇంట్లో ఇప్పుడెవరూ ఎత్తట్లేదు, మా ఆవిడ తప్ప.

ఇప్పుడు డ్రమ్ముని దుంగల మీద పడుకోబెట్టాను, రెండు మూతలూ పక్కపక్కన అడ్డంగా ఉండేట్టు. అలా ఉంటే మూతల మీద నీళ్ళు నిలవవు, లోపలి డీజిల్ తగులుతూ ఉంటుంది కాబట్టి గాలీ పీల్చదు. నెలకి సరిపడానే తెస్తున్నాను. బాబాయి గారు నిన్న చూసి "ఏరా, నీకు నిద్ర లేకుండా చేసి అది పడుకుందేంట్రా" అన్నారు. ఆ పాత డీజిల్‌లో మిగిలినదంతా క్యాన్లలో అలాగే ఉంది, కాలవలో పారబోయడానికి మనసొప్పలేదు. ఎవరికైనా ఏం చేయాలో తెలిస్తే చెప్పండి.