గడ్డి సాయం చేసేముందు తూకం లెక్క

విశాఖ దగ్గర భీమిలి, పద్మనాభం, ఆనందపురం వైపు పాత గడ్డివాములు అడుగంటేది అక్టోబరు, నవంబరుల్లోనే. కొత్త వరి కోసి, నూర్చి, గడ్డి ఎండేసరికి చలి ముదిరిపోతుంది. హుద్‌హుద్ తుపాను వచ్చిన 2014 అక్టోబరు 12 కూడా సరిగ్గా ఈ సందులోనే పడింది. తుపానుకి వాము తడిసిపోయి, చేతిలో డబ్బాడకపోతే రైతు చూడిగేదెనైనా సంతకు తోలేస్తాడు. అది ఆపాలని గడ్డి సాయం చేసేవాళ్లు చందాలకన్నా ముందు లెక్క కట్టాలి.

నాటు ఆవుకు రోజుకి 5 కిలోల ఎండుగడ్డి, గేదెకు 8, దూడకు 2 వేసుకోండి. ఆరు ఆవులు, రెండు గేదెలు, మూడు దూడలున్న పశువుల సాలకి రోజుకి 52 కిలోలు. 90 రోజులకి 4,680. తొక్కుడుకీ తడికీ పదోవంతు పోతుంది కాబట్టి అయిదు టన్నుల పైచిలుకు కావాలి. విడిగడ్డి ట్రాక్టరు తొట్టెలో కొండలా కనిపిస్తుంది గానీ తూకానికి తేలిక. అందుకే ‘ఇన్ని లోడ్లు’ అని మాట్లాడుకోకుండా వేబ్రిడ్జి చీటీ చూసి డబ్బివ్వండి, అదీ నేరుగా గడ్డి అమ్మినవాడికి.

ఇంకో మాట. బక్కచిక్కిన పశువుల ఫొటోలు వాట్సాప్‌లో తిప్పకండి. దయగలవాళ్లకన్నా ముందు సంత బేరగాడు చూస్తాడు, ధర దించేస్తాడు.

దింపిన గడ్డిని నేలమీద పోస్తే సగం పోయినట్టే. రాళ్లమీద తాటి దుంగలు పరిచి, నేలకి అడుగు ఎత్తున ఉండేలా వాటిమీద వాము వేసి, పైన టార్పాలిన్ కప్పి, మోకులకు రాళ్లు వేలాడదీయాలి. కరెంటు తీగల కింద వద్దు. రెండు మూడు రోజులకోసారి లోపలికి చెయ్యి దూర్చి చూడండి. వేడి తగిలితే తడి ఉన్నట్టే, విప్పి ఆరబెట్టాలి. బూజు గడ్డి తిన్న గేదెలకు చలికాలంలో తోక కొస, చెవి అంచులు నల్లబడి కుళ్లుతాయి. దాన్ని డెగ్నాలా అంటారు. బూజు పట్టిన గడ్డి ఊరికే ఇచ్చినా దించుకోవద్దు.

ఉత్త వరిగడ్డిలో బలం తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియా, 50 నుంచి 60 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకీ చల్లి తొక్కి, గాలి చొరకుండా 21 రోజులు మూసి ఉంచాలి. మేపేముందు కాసేపు ఆరబెడితే ఘాటు పోతుంది. ఆరు నెలల్లోపు దూడలకు పెట్టకూడదు. యూరియా నీళ్ల బకెట్టు పశువుకు అందేచోట ఉంచితే ప్రాణమే పోతుంది. నలుగురు కలిస్తే అర టన్ను ఒక్క పూటలో అయిపోతుంది. విశాఖ మధురవాడ అపార్ట్‌మెంట్ల వాళ్లు డబ్బుకన్నా ఈ పనికి వస్తే మేలు.

తవుడు మాత్రం ఒకేసారి కొని నింపకండి. నూనె తీయని తవుడు కొద్ది వారాల్లోనే ముక్కిపోతుంది. పదిహేను రోజులకి సరిపడా చాలు. పెద్ద పశువుకి రోజుకి 50 గ్రాముల ఖనిజ మిశ్రమం మరవద్దు. చోడి (రాగి) గడ్డి దొరికితే వరిగడ్డిలో కలపండి, దానిలో సున్నం (కాల్షియం) ఎక్కువ.

అసలు ప్రమాదం పెళ్లి భోజనాల మిగులుతో. బస్తా అన్నం ఒక్కసారిగా తింటే పొట్టలో పులుపు పెరిగి, నెమరు ఆగి, పశువు కూలబడుతుంది. అప్పుడు నాటువైద్యం చేస్తూ కూర్చోకుండా పశువుల అంబులెన్స్ నంబరు 1962కి ఫోన్ చేయాలి. రైతుబజారు కాలీఫ్లవర్ ఆకు మంచిదే, రబ్బరు బ్యాండ్లూ తీగముక్కలూ ఏరాకే. మింగిన తీగ గుండె దాకా గుచ్చుకుంటుంది.

చలికి గోనెలు కడతామని సాల మొత్తం మూసేస్తుంటారు. గాలి వచ్చే వైపు మాత్రమే కట్టి, పైన జానెడు ఖాళీ వదలండి. మూత్రపు ఘాటు బయటికి పోకపోతే ముందు దూడలే దగ్గుతాయి.