మూడో రొట్టె చల్లారింది

పదకొండు దాటింది. అందరూ పడుకున్నారు. నాకు మాత్రం నిద్ర పట్టడం లేదు. కారణం ఒక చిన్న మెసేజ్.

"అక్కా, ఈరోజు రొట్టెలు చల్లగా ఉన్నాయి. మామయ్యకు వేడిగా ఉంటేనే మంచిది. కొంచెం చూసుకోండి ప్లీజ్."

నేను సాయంత్రం వంటకు వెళ్లే ఇంటి పెద్దసారు కోడలు పంపింది. అది వచ్చేసరికి నేను ఇంకా స్కూటీ లోపల పెట్టలేదు, గేటు దగ్గరే నిలబడి చదివాను. పాప వచ్చి "ఏమైందిమా?" అంది. ఏం లేదన్నాను. అత్త మొహం చూసి కనిపెట్టేసింది గానీ ఏమీ అడగలేదు, మజ్జిగ కలిపి ఇచ్చింది.

ఆ ఇంట్లో రెండేళ్లుగా వండుతున్నాను. ఉప్పు ఎక్కువైందనో, నూనె తగ్గించమనో ఎవరైనా అంటే పడతాను. పదిమందికి వండే మనిషికి అవి మామూలే. కానీ రొట్టె చల్లగా పెట్టానని ఇంతవరకూ నన్ను ఎవరూ అనలేదు. జొన్నరొట్టె చల్లారితే ఏమవుతుందో నాకు చెప్పాలా? జొన్నపిండికి గోధుమపిండిలా జిగురుండదు. మరిగే నీళ్లు పోసి, చెయ్యి చురుక్కుమంటున్నా ఆపకుండా అరచేత్తో మెదపాలి, అప్పుడే ముద్ద కుదురుతుంది. తట్టేటప్పుడు అంచు పగలకూడదు. పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన నీళ్లు రాసి, ఆ తడి ఆరుతుండగానే తిప్పాలి. అప్పుడు పొంగుతుంది. ఆ పొంగు దిగకముందే కంచంలో పడాలి. పది నిమిషాలు ఆగిందా, బిరుసెక్కుతుంది. హాట్‌బాక్సులో పెడితే చెమ్మ పట్టి సాగుతుంది. అందుకే నేను ఏ ఇంట్లోనూ రొట్టెలు ముందే చేసి పెట్టను. వాళ్లు కూర్చున్నాకే పెనం ఎక్కిస్తాను. ఒక్కొక్కటీ కాల్చి, పెనం మీంచి తిన్నగా కంచంలోకే తీసుకెళ్తాను. 2023ను చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి నన్ను రొట్టెల కోసమే పిలిచే ఇళ్లు ఎక్కువయ్యాయి. షుగర్ ఉన్న ఇళ్లయితే ఇంకా. అంత పేరు తెచ్చుకున్న పనిలో ఇప్పుడీ మాట.

నిజానికి ఈరోజు బాగానే మొదలైంది. పొద్దున లాయరుగారింట్లో ఉగ్గాని, బజ్జీ. బొరుగులు తడిపి పిండుతుంటే వాళ్ల చిన్నది వంటింటి గట్టెక్కి కూర్చుని పుట్నాల పొడి అంతా వేలితో నాకేసింది. వాళ్లమ్మ కోర్టుకు టైమవుతున్నా దాన్ని తిట్టకుండా, అక్కడే నిలబడి జడ వేసింది. అది చూసి బయటికొస్తే రోజంతా మనసు తేలిగ్గా ఉంటుంది.

సాయంత్రం పెద్దసారు ఇల్లు. ఆయనకు పక్షవాతం వచ్చాక కుడిచెయ్యి సరిగా ఆడటం లేదు. ఎడమచేత్తో స్పూను పట్టుకుని సంగటి, పులగం తినేస్తారు. రొట్టె మాత్రం రెండు చేతులూ ఉంటే గానీ తెగదు. రోజూ నేనే చిన్న చిన్న ముక్కలు చేసి పప్పులో నానబెట్టి ఇస్తాను. అప్పుడాయన కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల కథ మొదలుపెడతారు. 1953లో ఆఫీసులు డేరాల్లో నడిచాయనీ, తాను చిన్న పిల్లవాడిగా వాటి మధ్య పరుగెత్తేవాడిననీ. ఎన్నిసార్లు విన్నానో. విన్న ప్రతిసారీ కొత్తగా అడుగుతాను, ఆయనకు ఇష్టం కాబట్టి.

ఈరోజు కథ లేదు. బెంగళూరు నుంచి చిన్న కొడుకు వచ్చాడు. వాళ్లిద్దరికీ మాటల్లేవని నాకు తెలుసు. ఎందుకో తెలియదు, అడగను కూడా. నేను పనిలో చేరాక ఆ పిల్లాడు రావడం ఇదే మొదలు. ఇద్దరినీ బల్ల దగ్గర కూర్చోబెట్టి కోడలు ఫోన్ వచ్చిందని లోపలికి వెళ్లింది.

మొదటి రొట్టె పెద్దసారుకు వేశాను. ముక్కలు చేయబోతుంటే పెనం మీద రెండోది గుర్తొచ్చి వంటింట్లోకి వచ్చేశాను. అది కొడుక్కి వేసి, మూడోది కాల్చుకుని వచ్చేసరికి గుమ్మం దగ్గరే ఆగిపోయాను. కొడుకు తన కంచం పక్కకు జరిపి, వాళ్ల నాయన రొట్టె తుంచుతున్నాడు. గోరంత ముక్కలు. ఒక్కొక్కటీ పప్పులో ముంచి, మెత్తబడిందో లేదో వేలితో నొక్కి చూసి, కంచంలో ఎడమవైపు పెడుతున్నాడు, ఆయన చెయ్యి అందే వైపు. తల ఎత్తడం లేదు. పెద్దసారు ఒక ముక్క తిన్నారు. రెండోది తిన్నారు. తర్వాత స్పూను కింద పెట్టి, "నువ్వు తినప్పా, చల్లారిపోతుంది" అన్నారు.

"తింటాలే నాయనా" అన్నాడు ఆ పిల్లాడు. తినలేదు. తుంచుతూనే ఉన్నాడు.

నేను అట్లకాడ మీద రొట్టెతో గుమ్మంలోనే ఉండిపోయాను. లోపలికి అడుగు పెడితే ఆ చేతులు ఆగిపోతాయనిపించింది. నన్ను చూసి కొడుకు సర్దుకుంటాడు, పెద్దసారు రాజధాని కథలోకి పోతారు. పొంగు దిగిపోయింది, రొట్టె నా చేతిలోనే చల్లారింది. తర్వాత కోడలు వచ్చి కూర్చుంటే ఆమె కంచంలో పడింది ఆ మూడోదే. ఇదీ జరిగింది. ఈ సంగతి ఆమెకు ఎట్లా రాయను? మీ ఇంట్లో మీకు తెలియకుండా ఇట్లాంటిది చూశాను, అందుకే ఆలస్యమైంది అని రాస్తానా?

ఇక్కడిదాకా రాసి మళ్లీ చదివాను. వాళ్ల కోసమే ఆగాను అని రాశాను చూడండి, అది పూర్తిగా నిజం కాదు. చూడాలనిపించి ఆగాను. కళ్లు తిప్పుకోలేకపోయాను.

మా నాయనకు కర్నూలులో కిరాణా కొట్టు ఉండేది. 2009 అక్టోబర్ 2, శుక్రవారం, గాంధీ జయంతి. అటు తుంగభద్ర, ఇటు హంద్రీ, రెండూ కలిసి ఊరి మీద పడ్డాయి. నేనప్పుడు డిగ్రీలో ఉన్నాను. పక్కింటివాళ్ల మిద్దె మీదికి ఎక్కి కూర్చున్నాం. మా కొట్టు ఉన్న పాతబస్తీ వీధి మా కళ్ల ముందే కనిపించకుండా పోయింది. నీళ్లు తీశాక వెళ్లి చూస్తే మోకాలి లోతు బురద. జొన్న మూటలు ఉబ్బి కుట్లు తెగిపోయాయి. రెండు రోజులకే ఆ గింజలు మొలకెత్తి పుల్లటి వాసన. ఇప్పటికీ ఎక్కడైనా తడిసిన జొన్నల వాసన తగిలితే నాకు కడుపులో తిప్పుతుంది.

నాయన ఆ బురదలో నిలబడి ఒక్కో మూటా చేత్తో తడిమి చూస్తున్నాడు. అప్పుడు అన్న అన్నాడు, "ముందురోజు సాయంత్రమే పైకి ఎక్కిద్దామంటే విన్నావా?" అంతే. ఆ ఒక్క మాట. అన్న చెప్పిందీ నిజమే, నాయన వినలేదు, ఇంతదూరం నీళ్లు రావన్నాడు. కానీ ఆ పూట అనాల్సిన మాట కాదు. నాయన తిరిగి ఏమీ అనలేదు. ఆ తర్వాత అన్నతో మాట్లాడనూ లేదు. అన్న కూడా పంతం పట్టాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో ఉంటూ వేరే వేరే వేళల్లో తినేవాళ్లు. అమ్మ రాత్రి ఎనిమిదికి ఒకసారి, పదింటికి ఒకసారి పొయ్యి వెలిగించి రొట్టెలు తట్టేది. ముందే చేసి పెట్టమ్మా అంటే, "చల్లారింది ఎవరికి పెడతానే" అనేది. ఏడేళ్లు రెండేసి సార్లు పిండి కలిపింది. 2016లో నాయన పోయేదాకా.

నాయనకు చివర్లో పళ్లు లేవు. రొట్టె ఎవరో ఒకరు తుంచి పెట్టాలి. పుట్టింటికి వెళ్లినప్పుడల్లా నేనే తుంచేదాన్ని. అన్న ఒక్కసారి, ఒక్కసారి వచ్చి పక్కన కూర్చుని ఉంటే!

కాబట్టి ఆ పిల్లాణ్ణి చూసి సంతోషమే కాదు, కోపం కూడా వచ్చింది. ఆ కోపం మా అన్న మీద. గేటు దగ్గర మెసేజ్ చూడగానే అదంతా కోడలి మీదికి మళ్లించాననుకుంటా. పాపం, ఆమె తప్పేముంది? మామకు వేడిగా పెట్టమనే కదా అడిగింది.

అట్లాగని మెసేజ్ గుచ్చడం ఆగిందా అంటే లేదు. రెండేళ్లలో రొట్టె బాగుందని ఒక్కసారైనా రాసి ఉంటే ఇంత బాధ ఉండేది కాదేమో. పెద్ద జవాబు టైపు చేశాను. తుడిపేశాను. "సరే అమ్మా" అని పంపాను. రెండు గీతలూ నీలం రంగు అయ్యాయి, మళ్లీ జవాబు లేదు.

పడుకునే ముందు ఆదోనికి ఫోన్ చేశాను, అమ్మతో మాట్లాడదామని. అన్న ఎత్తాడు. అమ్మ నిద్రపోయిందన్నాడు. ఏం తిన్నారని అడిగాను. రొట్టె, వంకాయ కూర అన్నాడు. అమ్మ తట్టిందా అంటే, అమ్మకు ఇప్పుడు చేతుల్లో బలం లేదు, నేనే తడుతున్నాను, అంచులు పగులుతున్నాయి అన్నాడు. నీళ్లు బాగా మరిగాక పిండిలో పొయ్ అన్నాను. సరే అన్నాడు. పెద్దసారు సంగతి చెప్పాలని నోటిదాకా వచ్చింది, చెప్పలేదు.

రేపు పొద్దున్నే పిండి మిషన్‌కు వెళ్లాలి. పెద్దసారు ఇంట్లో డబ్బా అడుగుకొచ్చింది, పాత పిండితో రొట్టె విరిగిపోతుంది. ఆ పిల్లాడు ఆదివారం దాకా ఉంటాడంట. రేపు మొదటి రొట్టె కొడుక్కి వేస్తాను, పెద్దసారుది అతని ముందే పెట్టేసి వచ్చేస్తాను.