ప్రాంప్టర్ పాత్రకు ప్రాంప్టర్ లేడు

మన దగ్గర ఏకపాత్రాభినయం అంటే చాలామందికి మయసభ దుర్యోధనుడే గుర్తొస్తాడు. గద, కిరీటం, పది నిమిషాల గర్జన. నాకు మాత్రం గంటసేపు నడిచేది కావాలి. సీరియళ్లలో బాబాయి వేషాలు, మధ్యలో డబ్బింగ్, ఇదీ నా బతుకుతెరువు. కాల్షీట్ ఎప్పుడు పడుతుందో తెలియనివాడు నలుగురితో రిహార్సల్స్ పెట్టుకోలేడు. కళాతృష్ణ సంగతి అటుంచితే, ఒక్కడినే వెయ్యడానికి అసలు కారణం అదే.

పౌరాణిక నాటకాల్లో వింగ్ పక్కన పుస్తకం పట్టుకుని కూర్చుని, నటులు మరిచిన మాట అందించే ప్రాంప్టర్‌ని పాత్రగా తీసుకున్నాను. కృష్ణుడి పద్యాలూ, దుర్యోధనుడి వచనమూ అన్నీ నోటికి వచ్చు, ముఖానికి మాత్రం ఏనాడూ రంగు పడలేదు. అలాంటివాడికి ఖాళీ స్టేజీ దొరికితే అన్ని వేషాలూ వేసేస్తాడు. కాగితం మీద రాస్తే భాష బిగుసుకుపోతోందని, షాట్ల మధ్య ఖాళీలో ఫోన్‌లో మాట్లాడి రికార్డు చేసుకుని దాన్నే ఎత్తి రాశాను. కృష్ణుడి వేషానికి పేరుపడ్డ షణ్ముఖి ఆంజనేయరాజు, పీసపాటి నరసింహమూర్తి పద్యాలు విన్నాను కానీ వాళ్లలా పాడబోలేదు. ప్రాంప్టర్ పద్యం అందిస్తాడు, రాగం తియ్యడు. ఇది తేలాక సగం టెన్షన్ పోయింది.

అంత స్క్రిప్టు ఎలా గుర్తుంటుందని అందరూ అడుగుతారు. నన్ను ఏడిపించింది వినడం. ఎదురుగా ఎవరూ లేనప్పుడు ఎవరి మాటో విన్నట్టు ఆగాలి. దర్శకుడు, నా మిత్రుడే, ఒక్కో పాత్రకు స్టేజీ మీద ఒక చోటు, చూపుకు ఒక ఎత్తు కుదిర్చాడు. మాట మరిచినా కాళ్లు ఆ చోటికి వెళ్తే మాట దొరికేది. గొంతు ఎండుతుందని ప్రాంప్టర్ సామానులో మరచెంబు కూడా చేర్చాం.

కృష్ణ వేషధారి మరిచిపోయినట్టు రాయబారం పద్యం సగంలో ఆపే చోటు ఒకటుంది. హైదరాబాద్‌లో లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో వేసినప్పుడు అక్కడ ఉలుకూ పలుకూ లేదు. వచ్చినవాళ్లు ఎక్కువగా కుర్రాళ్లు. పద్యమే తెలియనివాళ్లకు ఏం మరిచారో ఎలా తెలుస్తుంది? తెనాలి దగ్గర ఒక ఊళ్లో అదే చోట ఆపితే, వెనక కుర్చీల్లోంచి ఒక పెద్దాయన మిగతా పద్యం రాగంతో సహా అందుకున్నారు. పక్కవాళ్లు వన్స్‌మోర్ కొట్టారు, నాకు కాదు, ఆయనకు! నా పని ఆయన చేసేశారు. చేసేదేముంది, పుస్తకం తెరిచి వేలితో పాదాలు సరిచూసుకుంటూ తలూపాను. ఆయన రెండోసారి కూడా పాడారు.

అప్పటినుంచి ఆ చోటు మార్చేశాం. ఎవరూ అందుకోకపోతే పుస్తకం ముందు వరసకు ఇచ్చి చదవమంటాను. వాళ్లు తడబడతారు, ప్రాంప్టర్ విసుక్కుంటాడు, హాలంతా నవ్వుతుంది.

డబ్బంటారా, హాలు అద్దె, లైట్లు, ప్రయాణం పోగా మిగిలేది సీరియల్లో ఒక రోజు పేమెంటుకు సాటిరాదు. ఊళ్లలో పిలిచినవాళ్లు ఒప్పుకున్న మొత్తం చేతిలో పెడతారు, టికెట్ల కంటే అదే నయం. ప్రాంప్టర్ కూర్చునే కుర్చీ వాళ్లదే. పుస్తకం, మరచెంబు నా సంచిలో పడతాయి. షూటింగ్ క్యాన్సిల్ అని రాత్రి ఫోన్ వస్తే మర్నాడు షోకి రెడీ, లైట్లు వేసే కుర్రాడు ఖాళీగా ఉంటే చాలు.