అక్క గాజుల రంగు మార్చింది నేనే

శనివారం రాత్రి

లాడ్ బజార్‌లో తీసిన ఫొటోలు ఇవాళ కంప్యూటర్‌లోకి ఎక్కించాను. మొత్తం 186, అన్నీ రా ఫైళ్లే (సెన్సర్ పట్టింది వండకుండా ఉన్నదున్నట్టు దాచినవి). మా అక్క వాళ్ల మరిది పెళ్లికి లక్క గాజులు కొనాలని బయల్దేరి, సంచులు మోయడానికి నన్ను పిలిచింది. ఎలాగూ వెళ్తున్నా కదా అని కెమెరా మెడలో వేసుకున్నాను. ఒక కొట్టు ముందు పెద్దాయన బొగ్గుల కుంపటి మీద లక్క వేడి చేస్తూ, అది మెత్తబడగానే ఒక్కో రాయిని పట్టకారుతో అద్దుతున్నాడు. ఆ చేతుల కోసమే 40 దాకా కొట్టి ఉంటాను.

రా ఫైళ్లు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్ డార్క్‌టేబుల్‌లో థంబ్‌నెయిళ్లు చక్కగా కనిపించాయి. దానిమ్మ గింజల రంగు గాజుల సెట్టు మీద డబుల్ క్లిక్ చేశాను. డార్క్‌రూమ్ (ఒక్కో ఫొటోను ఎడిట్ చేసే చోటు) తెరుచుకుంది, ఒక్క క్షణం ఆగింది, గాజులు రాణీ రంగులోకి మారిపోయాయి. నేను ఏ స్లయిడర్‌నీ ముట్టుకోలేదు. వెనకాల నిలబడ్డ అక్క "ఏందిరా ఇది, నేను కొన్నది ఈ రంగు కాదు" అని, లోపలికెళ్లి గాజుల డబ్బా తెచ్చి స్క్రీన్ పక్కన పెట్టింది. నిజమే, పోలికే లేదు.

తెలిసిన కారణం ఒకటి ఉంది. మొదట కనిపించే థంబ్‌నెయిల్, కెమెరా తనే వండి రా ఫైల్ లోపల దాచిపెట్టిన జేపెగ్. పిక్చర్ స్టైల్, కాంట్రాస్ట్, షార్ప్‌నెస్ అన్నీ అందులో కలిసిపోయి ఉంటాయి. డార్క్‌రూమ్‌లో తెరిచాక సాఫ్ట్‌వేర్ రా డేటాను తన పద్ధతిలో మళ్లీ వండుతుంది. కాబట్టి కొంచెం తేడా రావడం మామూలే. కానీ కొంచెం వేరు, దానిమ్మ రాణీ రంగు కావడం వేరు. పన్నెండయింది, కంప్యూటర్ కట్టేసి పడుకున్నాను.

ఆదివారం

గాజులు పక్కన పెట్టి, పోయిన నెల కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర తీసిన ఫైళ్లు కొన్ని తెరిచాను. మళ్లీ సున్నం పూసిన ఆ గుమ్మటాలు మధ్యాహ్నం ఎండకి కళ్లు చెదరగొడతాయి. అందుకే కెమెరాలో ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్ (కెమెరా లెక్క మీద వెలుతురు పెంచే, తగ్గించే సెట్టింగు) మైనస్ 1 పెట్టి తీశాను. ఇక్కడ రెండు వింతలు కనిపించాయి. గుమ్మటం అట్టముక్కలా తెల్లగా ఉంది, దాని నీడలో వంకాయ రంగు దిగింది.

తెలుపు సంగతి త్వరగానే తేలింది. ప్రిఫరెన్సెస్‌లో ప్రాసెసింగ్ కింద డిఫాల్ట్ వర్క్‌ఫ్లో అని ఒకటుంది. అది సీన్ రెఫర్డ్ అనే పద్ధతిలో ఉంటే కొత్తగా తెరిచే ప్రతి రా ఫైల్‌కీ ఎక్స్‌పోజర్ మాడ్యూల్ (వెలుతురు సరిచేసే పనిముట్టు) ప్లస్ 0.7 ఈవీ కలుపుతుంది (ఈవీ వెలుతురు కొలత, 1 ఈవీ పెరిగితే వెలుతురు రెట్టింపు). అదే మాడ్యూల్‌లో కెమెరా ఎక్స్‌పోజర్‌ని కాంపెన్సేట్ చేయమనే టిక్కు కూడా ముందే పెట్టి ఉంటుంది. అంటే నేను వెలుగు కాపాడుకుందామని తగ్గించిన 1 ఈవీని అది తిరిగి ఇచ్చేస్తోంది. మొత్తం 1.7 ఈవీ, మూడు రెట్లకు పైగా వెలుతురు. దాని లెక్క దానిది: తెలుపు పోకూడదని తగ్గించి తీశావు, మధ్య టోన్లు నేను లేపుతాను, పై వెలుగుల్ని టోన్ మ్యాపింగ్ (ఎక్కువ వెలుగును స్క్రీన్ చూపగల హద్దులోకి కుదించేది) చూసుకుంటుంది అని. తప్పు లెక్కేం కాదు. ఎండలో తెల్ల గుమ్మటానికి మాత్రం నాకు నచ్చదు. టిక్కు తీసేశాను, సున్నం గరుకు మళ్లీ కనిపించింది. అంటే ఫైల్‌లో ఏదీ పోలేదు. మిగతా గుమ్మటాలకు సెలెక్టివ్ కాపీతో ఎక్స్‌పోజర్ ఒక్కటే అతికించాను. డిఫాల్ట్ వర్క్‌ఫ్లో మార్చలేదు. మామూలు వెలుతురులో అది బాగానే పని చేస్తుంది.

వంకాయ నీడ అలాగే ఉంది.

సోమవారం, ఆఫీసు నుంచి వచ్చాక

ఎడమ పక్క హిస్టరీ లిస్టు (ఫొటోకు చేసిన మార్పుల వరుస) నిదానంగా చదివాను. ఇది శనివారమే చేసి ఉండాల్సింది. పైకి పోతే కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ (రంగులు మార్చే మాడ్యూల్) అని ఒక వరుస. నేను పెట్టలేదు. ఫొటోలన్నీ కనిపించే లైట్‌టేబుల్‌కి వెళ్లి, మార్పులన్నీ చెరిపేసే డిస్కార్డ్ హిస్టరీ కొట్టాను. మళ్లీ తెరిస్తే అదే వరుస, అదే రంగు. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ వచ్చింది. బేతాళుడు చెట్టెక్కినట్టు.

టెన్షన్ పక్కన పెట్టి, తప్పు సాఫ్ట్‌వేర్‌దా నా సెట్టింగులదా అని పరీక్ష పెట్టాను. ఒక్క రా ఫైల్‌ని మాత్రమే కొత్త ఫోల్డర్‌లోకి కాపీ చేశాను. దాని పక్కనుండే ఎక్స్‌ఎంపీ ఫైల్ తీసుకోలేదు. పాత ఎడిట్లు అందులోనే ఉంటాయి, అది వెంట వస్తే పరీక్షకు అర్థం లేదు. తర్వాత టెర్మినల్‌లో, కాన్ఫిగ్ డైరెక్టరీగా ఒక ఖాళీ ఫోల్డర్ చూపించి, లైబ్రరీ మెమరీలోనే ఉండేలా డార్క్‌టేబుల్‌ని తెరిచాను. అప్పుడది నా ప్రీసెట్లూ (ముందే దాచుకున్న సెట్టింగులు) డేటాబేసూ ఏవీ ఎరగదు, ఇవాళే ఇన్‌స్టాల్ చేసినట్టు ఉంటుంది. గాజులు దానిమ్మ రంగులోనే తెరుచుకున్నాయి. ఇంకేముంది, దొంగ ఇంట్లోనే ఉన్నాడు.

ప్రిఫరెన్సెస్‌లో ప్రీసెట్స్ ట్యాబ్ చూశాను. తాళం గుర్తు ఉన్నవి సాఫ్ట్‌వేర్‌తో వచ్చినవి, లేనివి మనం చేసుకున్నవి. కలర్ బ్యాలెన్స్ ఆర్‌జీబీ కింద నాదొకటి ఉంది: "ఎల్ఈడీ పచ్చ తీసేది". అప్పుడు గుర్తొచ్చింది. పోయిన దీపావళికి మా బాల్కనీలో చవక ఎల్ఈడీ దండల కింద అందరి ముఖాలూ పచ్చగా వస్తే, నీడల్ని కొంచెం మెజెంటా వైపు తోసి, సాచురేషన్ పెంచి దాచుకున్న ప్రీసెట్ అది. డబుల్ క్లిక్ చేస్తే మ్యాచ్ అయ్యే ఫొటోలకు ఆటోమేటిక్‌గా వేయమనే టిక్కు పెట్టి ఉంది. కింద కెమెరా, లెన్స్, ఐఎస్‌వో, షట్టర్, అపర్చర్ షరతులు. ఐఎస్‌వో 1600 పైన మాత్రమే, అంటే తక్కువ వెలుతురులో తీసినవాటికే అని పెడదామనుకున్నట్టు లీలగా జ్ఞాపకం. పెట్టలేదు. అన్ని షరతులూ ఖాళీ, అంటే ప్రపంచంలోని ప్రతి రా ఫైల్ మ్యాచ్ అయినట్టే. ఆ తర్వాత ఇన్ని నెలలూ ఎక్కువగా ఫోన్‌తోనే లాగించేశాను, సమాధుల ఫైళ్లు కూడా మొన్నటిదాకా తెరవలేదు కాబట్టి బయటపడలేదు.

డిస్కార్డ్ చేసినా ఎందుకు తిరిగొస్తోందో కూడా అర్థమైంది. హిస్టరీ పోగానే ఆ ఫొటో కొత్తదాని కింద లెక్క. కొత్తదానికి ఆటో ప్రీసెట్లు పడతాయి. టిక్కు తీశాను. కానీ ఇప్పటికే తెరిచిన ఫొటోలు వాటంతట అవి బాగుపడవు, ఆ వరుస వాటి హిస్టరీలో ఉండిపోయింది. ఇక్కడ కలెక్షన్స్ మాడ్యూల్ ఆదుకుంది. హిస్టరీ అనే రూల్‌తో, కేవలం ఆటో అప్లైడ్ ఎడిట్లు ఉన్నవాటిని వేరు చేయొచ్చు. అలా 61 వచ్చాయి. వాటిలో నా చేతి పని ఏమీ లేదు కాబట్టి ధైర్యంగా డిస్కార్డ్ కొట్టాను. నేను కష్టపడి ఎడిట్ చేసిన మిగతా 14 ఫొటోలకు మాత్రం ఆ పని చేయలేదు. డిస్కార్డ్‌కి అన్‌డూ ఉంటుందని నమ్మను. ఒక్కోటి తెరిచి ఆ మాడ్యూల్ ఒక్కటే ఆపేశాను.

బుధవారం

అంతా అయిపోయిందనుకుంటే రెండు ఫొటోలు అడ్డదిడ్డంగా క్రాప్ అయి తెరుచుకున్నాయి. ఈసారి నేరుగా ఫోల్డర్‌లోకే వెళ్లాను. నా కెమెరా ఫైల్ నంబర్లు 9999 దాటాక 0001 నుంచి మళ్లీ మొదలవుతాయి. ఎప్పుడో తీసిన ఫొటోలు తొలగించి, వాటి ఎక్స్‌ఎంపీలు మాత్రం అదే ఫోల్డర్‌లో వదిలేశాను. కొత్త 0412 వచ్చి పాత 0412 చొక్కా తొడుక్కుంది. తల్లి ఫొటో లేని ఎక్స్‌ఎంపీలన్నీ ఏరి పడేశాను, ఇకపై కార్డు దింపిన ప్రతిసారీ తేదీ పేరుతో కొత్త ఫోల్డర్.

దీపావళి ప్రీసెట్ తీసేయలేదు, పనికొచ్చేదే. ఆటో టిక్కు మాత్రం లేదు. కుంపటి పెద్దాయన ఫొటోలు ఇంకా 30 మిగిలాయి. అక్క గాజులు వేసుకుని పెళ్లికి వెళ్లిపోయింది. రంగు సరిపోల్చుకోవడానికి దారిలో విరిగిన ఒక గాజు ముక్క నా దగ్గర వదిలింది. మానిటర్ కింద పెట్టుకున్నాను.