ఒళ్ళంతా అదోలా ఉంది, డాక్టరమ్మా

హోమియో హౌస్ సర్జన్సీలో నాకది మూడో నెల. ఓపీలో కేసు రాసుకోవడం మా పని. మందు ఇచ్చే ముందు షీటు సార్‌కి చూపించి సంతకం పెట్టించుకోవాలి. ఆ రోజు వచ్చినావిడకి ముప్పై అయిదేళ్ళుంటాయి. పక్కన అత్తగారు.

"ఏంటమ్మా బాధ?"

"ఒళ్ళంతా అదోలా ఉంది, డాక్టరమ్మా."

రోగి చెబుతుంటే అడ్డు రాకూడదని, అవును కాదు అని తేలిపోయే ప్రశ్నలు వేయకూడదని, వాళ్ళ మాటల్నే రాసుకోవాలని హోమియోని కనిపెట్టిన హానిమన్ చెప్పాడు. అందుకే పెన్ను పట్టుకుని ఎదురుచూశాను. ఆవిడా నా మొహం చూస్తూ ఎదురుచూసింది. చివరికి అత్తగారే కల్పించుకుని "నీరసమమ్మా, పని చేస్తే చాలు కూలబడిపోతుంది" అంది.

నీరసం అని రెపర్టరీలో, అంటే ఏ లక్షణానికి ఏ మందులో రాసి ఉండే పుస్తకంలో, వెతికితే ఆ ఒక్క మాట కిందే వందల మందులుంటాయి. అది ఎవరికీ పనికిరాని లక్షణం. ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎండా చలా ఏది పడదు, దాహం ఎలా ఉంది, ఏం తినాలనిపిస్తుంది, ఇలాంటివి దొరికితేనే మందుల జాబితా తగ్గుతుంది. ఎప్పుడు ఎక్కువగా ఉంటుందమ్మా అంటే "ఎప్పుడూ ఉంటుంది" అంది. తలనొప్పి ఏ పక్క అంటే తలంతా చేత్తో తడిమి చూపించింది. దాహం? ఏమో. కోపం? "కోప్పడే ఓపికెక్కడిది" అని నవ్వింది. అరగంటకి నా షీటులో గట్టిగా నిలిచింది ఒక్కటే: చలికి తట్టుకోలేదు, వేసవిలో కూడా ఫ్యాను కింద దుప్పటి కావాలి. వేడికి ఓర్వలేని వాళ్ళకిచ్చే పల్సటిల్లా దాంతో పోయింది. సెపియా, కాల్కేరియా, కాలీ కార్బ్ మిగిలాయి. ఈ మూడింట్లో కళ్ళు మూసుకుని ఒకటి తీసినా ఇంటికెళ్ళి ఏదో ఒక సమర్థింపు వెతుక్కోవచ్చు. అనుమానంగా ఉన్న కేసులో అసలు ప్రమాదం అదే.

నెలసరి గురించి అడిగాను. "బాగానే వస్తుందండీ" అంది. నార్మల్ అని రాసుకుని ముందుకెళ్ళిపోయాను.

ఇంక లేవబోతుండగా అత్తగారు మళ్ళీ అందుకుంది. "ఇదొకటి కూడా చెప్పు. బియ్యం ఏరమని చాట చేతికిస్తే సగం నోట్లోనే వేసుకుంటుంది." ఆవిడ సిగ్గుతో తల దించుకుంది. నాకు మాత్రం లాటరీ తగిలినట్టయింది. హానిమన్ పుస్తకం ఆర్గనాన్‌లో 153వ అఫోరిజం, అంటే సూత్రం, చెప్పేది ఇదేగా: అందరికీ ఉండే లక్షణాలు వదిలెయ్, విచిత్రంగా, అరుదుగా, ఆ మనిషికే ప్రత్యేకంగా ఉన్నది పట్టుకో. సుద్ద, బొగ్గు, పొడి బియ్యం లాంటివి తినాలనిపించడం అల్యూమినా అనే మందుకి పేరున్న లక్షణం, కాల్కేరియాకీ ఉంది. మలబద్ధకం ఉందా అంటే ఉందంది. చలి ఉండనే ఉంది. అల్యూమినా 30 అని రాసి, కింద గీత కూడా గీసి, సార్ దగ్గరికి దాదాపు పరిగెత్తాను.

సార్ షీటు చదవలేదు. లేచొచ్చి ఆవిడ కింది కనురెప్పని బొటనవేలితో లాగి చూశారు. లోపల ఎర్రగా ఉండాల్సింది కాగితంలా ఉంది. చెయ్యి తీసుకుని గోళ్ళు నాకు చూపించారు. బొటనవేలి గోరు మధ్యలో గుంట పడింది, చెంచా గిన్నెలా, నీటిబొట్టు వేస్తే నిలిచేలా. అరగంటసేపు ఆ చేతులు నా టేబుల్ మీదే ఉన్నాయి.

"రక్తం తక్కువైన వాళ్ళు ఏం తింటారు?" అన్నారు. తిండి కానివి తినాలనిపించే పైకా గురించి పాథాలజీ పరీక్షలో నేనే రాశాను. మట్టి, ముగ్గుపిండి, బియ్యం, ఐసుముక్కలు. ఇనుము లోపం. రెపర్టరీ ముందు కూర్చోగానే ఆ సబ్జెక్టు వేరే కాలేజీలో చదివినట్టు మర్చిపోయాను.

పక్కనున్న మా జూనియర్ "అయితే ఫెర్రం మెట్ ఇద్దామా సార్, అది ఇనుమే కదా" అన్నాడు. "30లో ఇనుమెంతుందిరా?" అన్నారు సార్. వందలో ఒక వంతు చొప్పున ముప్పైసార్లు పలచన చేస్తే వచ్చేది 30 పొటెన్సీ. పన్నెండోసారి దాటాకే అసలు పదార్థం ఒక్క అణువైనా మిగలడం కష్టం. వాడు మాట్లాడలేదు. హోమియో ఏ జబ్బుకైనా పనిచేస్తుందనడానికి నమ్మదగ్గ ఆధారం లేదని 2015లో ఆస్ట్రేలియా జాతీయ వైద్య పరిశోధన మండలి తేల్చిందని మాకు తెలుసు. దాని మీద క్యాంటీన్‌లో గొంతులు చించుకున్నాం కూడా. ఇక్కడ ఆ వాదన దాకా వెళ్ళక్కర్లేదు. ఏడో అఫోరిజం ఫుట్‌నోట్‌లో హానిమన్ కూడా కంట్లో నలుసు పడితే ముందు నలుసు తియ్యమన్నాడు, మందు వెతకమనలేదు.

సార్ అత్తగారిని మందుల కౌంటర్ దగ్గర కూర్చోమని పంపించి నన్ను మళ్ళీ అడగమన్నారు. ఈసారి లెక్కలు అడిగాను. ఎన్ని రోజులు, రోజుకి ఎన్ని ప్యాడ్లు, గడ్డలు పడుతున్నాయా. తొమ్మిది రోజులు. మొదటి నాలుగు రోజులు రాత్రుళ్ళు రెండుసార్లు లేవాలి. గడ్డలు చిన్న నిమ్మకాయంత. రెండేళ్ళుగా ఇలాగే ఉంది. "మరి బాగానే వస్తుందన్నారు కదమ్మా?" అంటే నావైపు వింతగా చూసింది. "బాగానే కదా వస్తుంది!"

ఆవిడ చెప్పింది 'ఎక్కువగా' అని. నేను రాసుకున్నది 'సరిగ్గా' అని. రోగి మాటల్లోనే రాసుకోమన్న నియమాన్ని పాటించి 'బాగానే' అని రాసినా, షీటు చూసినవాళ్ళు మళ్ళీ అడిగేవాళ్ళేమో. నార్మల్ అనేది నా మాట.

హీమోగ్లోబిన్ 6.8 వచ్చింది. 12 ఉండాలి, 8 కన్నా తగ్గితే తీవ్రమైన రక్తహీనత. అదే రోజు ఉత్తరం రాసిచ్చి గైనిక్ ఉన్న పెద్దాసుపత్రికి పంపాం. స్కాన్‌లో గర్భసంచిలో ఫైబ్రాయిడ్ అనే కణితి కనిపించింది. ముందు ఇనుము నరానికి ఎక్కించి, తర్వాత మాత్రలు రాశారట. నా షీటులో అల్యూమినా మీద అడ్డగీత కొట్టాను.

రెండున్నర నెలలకి కోడలూ అత్తా మళ్ళీ కనిపించారు. హీమోగ్లోబిన్ 10 దాటింది. టీ తాగి వెంటనే ఐరన్ మాత్ర వేసుకోకూడదని ఎవరూ చెప్పలేదంటే అది చెప్పాను. మలం నల్లగా వస్తోందని భయపడుతోంది, మాత్ర వల్లేనన్నాను. బియ్యం సంగతి అడిగితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది. "ఇప్పుడు చాట చూస్తే ఏమీ అనిపించట్లేదండీ."

"నాకూ చూడమ్మా" అంటూ అత్తగారు స్టూలు ముందుకి లాక్కుంది. "ఈమధ్య ఒళ్ళంతా అదోలా ఉంటోంది."

కొత్త షీటు తీశాను. పెన్ను పక్కన పెట్టి, ముందు చేతులు చూపించమన్నాను.