మస్టరు దొరికిన ఊరు

ఈజిప్టులోని లక్సర్‌లో మూడో రోజు పొద్దున్నే నైలు దాటి పడమటి ఒడ్డుకు వెళ్లాం. ఊళ్లో వాళ్లు రోజూ ఎక్కే పడవలోనే ఎక్కాం. పక్కన కూర్చున్న పెద్దావిడ ఒళ్లో, గుడ్డలో చుట్టిన రొట్టెలు వేడిగా ఉన్నాయి. పిండిని ఎండలో పొంగనిచ్చి కాలుస్తారట, అందుకే వాటిని ఎండ రొట్టెలు అంటారు. అవతల దిగాక చాలా దూరం చెరుకు తోటలే. ఆఖరి సాలు ఎక్కడ ఆగిందో అక్కడే ఇసుక మొదలైంది, మధ్యలో గట్టు కూడా లేదు. ఆ ఇసుక వెనక కొండలు. పాత ఈజిప్టు వాళ్లకు సూర్యుడు అస్తమించే పడమర చనిపోయిన వాళ్ల దిక్కు. చాలామంది రాజుల సమాధులు ఆ కొండల్లోనే తొలిచారు.

ఈజిప్టు అంటే నాకు చిన్నప్పుడు హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో చూసిన మమ్మీ. నాన్న వేలు పట్టుకుని అద్దాల పెట్టె దగ్గర చాలాసేపు నిలబడ్డాను. నలభై ఏళ్ల తర్వాత గిజా పిరమిడ్లు చూశాను, రాజుల లోయలో టుటన్‌ఖామన్ సమాధిలోకి దిగాను. అవి ఎంత గొప్పవో నేను కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ నన్ను కదిలించింది మాత్రం ఆ మూడో రోజు చూసిన దేర్ ఎల్ మెదీనా.

రాజుల సమాధులు తొలిచిన పనివాళ్ల ఊరు అది. రాళ్లు కొట్టేవాళ్లు, పూత పూసేవాళ్లు, బొమ్మలు గీసేవాళ్లు, లెక్కలు రాసే లేఖకులు పెళ్లాం పిల్లలతో సుమారు నాలుగు వందల ఏళ్లు, తరాల తరబడి ఇక్కడే బతికారు. ఒక ప్రహరీ, మధ్యలో ఒకటే సన్నటి వీధి, అటూ ఇటూ కలిపి అరవై ఎనిమిది ఇళ్లు. ఇప్పుడు మోకాలెత్తు నుంచి నడుమెత్తు వరకు గోడలు మిగిలాయి. ఒక్కో ఇంట్లో గదులు వరసగా ఒకదాని వెనక ఒకటి, చివర పైకప్పు లేని వంటిల్లు, మిద్దె మీదికి మెట్లు. ముందుగదిలో ఇటుకలతో కట్టిన ఎత్తైన అరుగు ఉంటుంది. కొన్ని అరుగుల మీద బేస్ అనే పొట్టి దేవుడి బొమ్మ గీశారు. పురిటి వేళ తల్లినీ బిడ్డనూ కాచే దేవుడాయన. చనిపోయిన పెద్దల చిన్న విగ్రహాలు కూడా ఇంట్లోనే పెట్టుకునేవారు.

ఊళ్లో బావి లేదు. నీళ్లు కింద నుంచి గాడిదల మీద రావాలి. చేపలు, కూరగాయలు, కట్టెలు అన్నీ బయటివాళ్లు తెచ్చివ్వాల్సిందే. బట్టలు ఉతకడానికి కూడా వేరే మనుషులు ఉండేవారు. డబ్బు అనేది లేని కాలం, జీతం గింజల్లోనే. మామూలు పనివాడికి నెలకు నాలుగు బస్తాల గోధుమ, ఒకటిన్నర బస్తా బార్లీ. గోధుమతో రొట్టె, బార్లీతో బీరు. వారం అంటే పది రోజులు. పని రోజుల్లో కొండ మీద రాతి గుడిసెల్లోనే పడుకుని, సెలవుకు ఇంటికి దిగేవారు. సమాధి లోపల దీపాలకు ఇచ్చే వత్తులను కూడా లెక్కపెట్టి రాసేవారు. రాగి ఉలులు సర్కారువి కాబట్టి తూకం వేసి ఇచ్చి, తూకం వేసి తీసుకునేవారు.

ఇవన్నీ ఇంత వివరంగా ఎలా తెలిశాయంటే, ఆ ఊళ్లో చదువు వచ్చిన వాళ్లు ఎక్కువ. ప్రతి చిన్న సంగతీ సున్నపురాయి చెక్కల మీద, కుండ పెంకుల మీద రాసి పారేశారు. బెర్నార్ బ్రూయేర్ అనే ఫ్రెంచి పురావస్తు శాస్త్రవేత్త 1922 నుంచి 1951 దాకా ఇక్కడ తవ్వించారు. ఊరి ఉత్తరాన ఉన్న పెద్ద గోతిలోంచే అలాంటివి వేల కొద్దీ బయటపడ్డాయి.

గైడ్ తన ఫోన్‌లో ఒక రాతి పలక ఫోటో చూపించాడు. అది ఇప్పుడు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉంది. రెండో రామ్‌సెస్ రాజు ఏలుబడిలో నలభయ్యో ఏడు, అంటే క్రీ.పూ. 1240 ప్రాంతం నాటి హాజరు పట్టీ. నలభై మంది పేర్లు, పక్కన పనికి రాని తేదీలు, వాటి పైన ఎర్ర సిరాతో కారణాలు. తేలు కుట్టింది. కళ్లు బాగా లేవు. అమ్మకు జబ్బు. బీరు కాస్తున్నాడు. ఇల్లు కట్టుకుంటున్నాడు. కూతురు ముట్టయింది.

నాకు గొంతు పట్టేసింది. మా నాన్న కాలవ పనుల్లో మేస్త్రి. రాత్రి అన్నం తిన్నాక లాంతరు దగ్గర పెట్టుకుని మస్టరు రాసేవారు. ఎవరు ఎందుకు నాగా పెట్టారో ఆయనకు నోటికి తెలుసు. జ్వరం, కూతురి పురుడు, ఎద్దు చచ్చిపోవడం. మూడు వేల ఏళ్ల కిందటి ఒక మనిషి కూడా పొద్దుపోయాక అలాగే కూర్చుని రాశాడు కదా అనిపించింది.

తర్వాత సెన్నెజెమ్ సమాధిలోకి దిగాం. ఈ ఊరి పనివాడే. పగలు రాజు కోసం తొలిచిన మనుషులు, తీరిక రోజుల్లో తమ సమాధులు తామే చేసుకున్నారు. నిటారు మెట్లు, వంగి దూరాల్సిన గుమ్మం, లోపల చిన్న గది. 1886లో తెరిచారు. రంగులు నిన్న వేసినట్టున్నాయి. గోడకు బంగారు పసుపు. ఒక గోడ నిండా వాళ్ల పరలోకం, ఇయారు పొలాలు. సెన్నెజెమ్ మచ్చల ఎద్దులతో దున్నుతున్నాడు, వెనక భార్య ఇయ్‌నెఫెర్తి గింజలు చల్లుతోంది. ఇంకోచోట ఆయన కొడవలితో కంకులు కోస్తుంటే ఆమె బుట్ట పట్టుకుని వెంట నడుస్తోంది. ఇద్దరివీ పండగ పూట కట్టే తెల్ల బట్టలు. పొలం చుట్టూ నాలుగు వైపులా నీలం రంగు కాలవ. బతికినన్నాళ్లూ ఎవరో కొలిచి పోస్తే తిన్న మనుషులు, పోయాక సొంత పొలం, పక్కనే పారే నీళ్లు కోరుకున్నారు. నాకు మాత్రం అలాగే అర్థమైంది.

బయటికి వచ్చి తలెత్తితే ఎల్ ఖుర్న్ శిఖరం కనపడుతుంది, పిరమిడ్ ఆకారంలోనే. ఈ ఊరివాళ్లకు అది మెరెత్‌సెగెర్ అమ్మవారు. నాగుపాము రూపం. ఆ పేరుకు మౌనాన్ని ఇష్టపడేది అని అర్థం. నెఫెరాబు అనే పనివాడు తాను తెలివితక్కువగా ఆ శిఖరం పట్ల తప్పు చేశానని, అమ్మ శిక్షించిందని, మొక్కుకుంటే మళ్లీ చల్లగాలిలా వచ్చిందని రాయి చెక్కించి పెట్టాడు. నాగుల చవితికి పుట్టలో పాలు పోస్తూ పెరిగిన నాకు ఆ మాట వేరే దేశం మాటగా అనిపించలేదు.

నౌనఖ్తే అనే ముసలావిడ వీలునామా కూడా ఈ ఊరిదే, క్రీ.పూ. 1145 ప్రాంతానిది. ఎనిమిది మందిని పెంచాను, ఇళ్లు పెట్టి సామాన్లు ఇచ్చాను, ముసలిదాన్నయ్యాక కొందరు నన్ను చూడటం లేదు, నా చేయి పట్టుకున్న వాళ్లకే నా ఆస్తి అని సాక్షుల ముందు రాయించింది. బాగా చూసుకున్న ఒక కొడుక్కి మిగతావాళ్ల కంటే అదనంగా ఒక కంచు గిన్నె ఇచ్చింది. ఆడది తన ఆస్తి తన ఇష్టప్రకారం పంచి ఇచ్చుకోగల రోజులవి. ఈ ఒక్క కాగితం కోసమైనా ఈ ఊరు చూడాలి.

మధ్యాహ్నం రెండో రామ్‌సెస్ కట్టించిన రామెసియం గుడికి నడిచాం. కూలిన రామ్‌సెస్ విగ్రహం చూడటానికి అందరూ ముందుకు పోతారు. నేను గుడి వెనక్కి వెళ్లాను. అక్కడ పచ్చి ఇటుకల కమాను కప్పులతో పొడుగాటి గిడ్డంగులు ఇప్పటికీ నిలబడి ఉన్నాయి. మూడో రామ్‌సెస్ ఏలుబడిలో ఇరవై తొమ్మిదో ఏట, క్రీ.పూ. 1157 ప్రాంతంలో, జీతం గింజలు రాక పనివాళ్లు పనిముట్లు వదిలేసి, కాపలా చౌకీలు దాటుకుని వచ్చి మొదట మూడో థుట్మోస్ అనే పాత రాజు గుడి వెనక కూర్చున్నారు. తర్వాత ఈ గుడికే వచ్చారు. ఆకలీ దాహమూ మమ్మల్ని ఇక్కడికి తెచ్చాయి, బట్టల్లేవు, చేపల్లేవు, కూరల్లేవు, మా రాజు ఫారోకు కబురు పంపండి అన్నారు. చరిత్రలో రాసిపెట్టిన మొట్టమొదటి సమ్మె ఇదే. ఆ పత్రం ఇప్పుడు ఇటలీలో టురిన్ మ్యూజియంలో ఉంది.

ఆ కమానుల నీడలో కూర్చుని నాన్నకు ఫోన్ చేశాను. మొత్తం చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఇచ్చారా మరి?" అన్నారు.

"ముందు నెల బాకీ ఇచ్చారు నాన్నా."

"అదెప్పటిదో కదమ్మా. మరి ఆ నెలది?"

దానికోసం మళ్లీ కదిలారని, పోలీసు పెద్దే వాళ్ల పక్షాన నిలబడి, తలుపులు తాళం వేసి పెళ్లాం పిల్లల్ని కూడా తీసుకురండి, ముందు నేను నడుస్తాను అన్నాడని, తర్వాత కొన్ని రోజులకు ఆ నెలదీ కొలిచారని చెప్పాను.

"అట్లా ఉండాలి," అన్నారు నాన్న.